గొర్రెలు మేసిన దయ్యాల దోవ

నేను మూడో తరగతి దాకానే చదివాను. అందుకే నా మనవరాలు బడి నుంచి వచ్చి హాలోవీన్ అన్నప్పుడు అదేదో కొత్త పాఠం అనుకున్నాను. దయ్యాల వేషాలు వేసుకునే పండగట. దయ్యం పట్టకుండా మనం తాయెత్తులు కట్టుకుంటుంటే, పిలిచి మరీ పండగ చేసేవాళ్లు కూడా ఉన్నారా అని నవ్వాను. పాప నవ్వలేదు.

అప్పటికి మేము గార్లదిన్నె దగ్గరి మా పల్లె నుంచి బుక్కరాయసముద్రానికి వచ్చి ఐదు నెలలు. నేను, కొడుకు, కోడలు, ఈ పాప. పల్లెలో చేను మాత్రం వదల్లేదు. పాపను ఇక్కడ ఐదో తరగతిలో చేర్చాం. మొదటి రోజే "నా పెన్సిలు యాడుండాది?" అని అడిగిందట. ఇక్కడి పిల్లలు 'ఎక్కడుంది' అంటారట, తరగతంతా ఒకటే నవ్వు. ఆనాటి నుంచి వాళ్లకు దాని పేరే 'యాడ' అయిపోయింది. ఐదు నెలల్లో ఒక్క పిల్ల కూడా మా ఇంటి గడప తొక్కలేదు.

"మా ఇంటికాడ దయ్యాల దోవ కడతాండాము, రాండి అని చెప్పినానవ్వా. పదకొండు మంది వస్తామన్నారు," అంది.

"కడతాండామా? ఎవరే కట్టేది?"

"నువ్వే."

వాళ్ల నాయన ఫోనులో చూపించింది. మెలికలు తిరిగే సందు, రెండు పక్కలా ఎత్తు గోడలు, మలుపు మలుపుకీ ఒక దయ్యం. లోపలికి పోయినవాళ్లు దారి తెలియక కేకలు పెడుతున్నారు. "బాగలేకుంటే ఇంగ నేను బడికి పోనవ్వా," అని మెల్లగా అంది. ఆ మాట గట్టిగా ఏడుస్తూ అని ఉంటే ఊరుకోబెట్టేదాన్ని. మెల్లగా అంది కాబట్టి భయమేసింది.

మా ఇంటి పక్క స్థలం ఖాళీ. కాయలు వలిచేసిన వేరుశనగ చెట్లను మేము కట్టె అంటాం. మా ఎనుము, అదే గేదె, మేతకని కొడుకు చేను నుంచి ట్రాక్టరు నిండా ఆ కట్టె తెచ్చి అక్కడే వామి వేశాడు. దాన్ని చూడగానే నాకు గోడలు కనబడ్డాయి. నేనూ కోడలూ రెండు రోజులు గుంజలు పాతాం. గుంజ నుంచి గుంజకు ఒకదాని పైన ఒకటి మూడు తాళ్లు లాగి, వాటి మీద కట్టెను వేళ్లు పైకి వచ్చేలా దట్టంగా వేలాడదీశాం. పాప తల మునిగేంత ఎత్తు గోడలు లేచాయి. ఒక మలుపులో కోడలి పాత నైటీ కర్రకు తొడిగి నిలబెట్టాం. ఇంకో మలుపులో ఉడికించిన సేమ్యా గిన్నె. చీకట్లో చెయ్యి పెడితే పురుగులే. తడిపిన కొబ్బరి పీచు చెంపలకు తగిలేలా వేలాడదీశాం.

మిగిలింది గుమ్మడికాయ. దానికి కళ్లూ నోరూ కోసి లోపల దీపం పెట్టాలట. మాలో ఆడవాళ్లు నిండు గుమ్మడికాయకు మొదటి గాటు పెట్టరు. మగవాళ్లు ఒక్క గాటు పెట్టి ఇస్తే తర్వాత మేము కోస్తాం. నా కొడుకేమో పండగ రోజు పొద్దున్నే వేరుశనగ కాయల మూటలతో మార్కెట్టుకు పోయి అక్కడే ఇరుక్కున్నాడు. కత్తి పక్కన గుమ్మడికాయ అట్లే కూర్చుంది.

సాయంత్రం నేను పిల్లల కోసం పచ్చి వేరుశనగ కాయలు ఉడకేసి, ఉప్పు చాలిందో లేదో చూస్తున్నాను. "అత్తా, రాండి! గోడలు తినేస్తాండాయి!" అని కోడలు అరిచింది.

ముదిగుబ్బ దిక్కు నుంచి మేపుకు వచ్చిన ఒక గొర్రెలాయన రోజూ పొద్దు వాలే వేళకు మా స్థలం పక్క నుంచే మందను తోలుకుపోతాడు. రోజూ చూసేదాన్నే. అయినా నాకు తట్టలేదు. నా కళ్లకు అది గోడైపోయింది. గొర్రెల కళ్లకు మాత్రం కట్టెగానే ఉంది. యాభై గొర్రెలు వరసగా నిలబడి, పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు తింటున్నాయి. సగం గోడలకు ఉత్త తాళ్లు మిగిలాయి.

గొర్రెలాయన పరుగెత్తుకొచ్చి తోలాడు. "ఏమక్కా, తాళ్లు కట్టి మరీ మేతేసినావే, మా వాటికేనేమో అనుకుంటి!"

"ఆ, విందుకు పిలిచినా! కండ్లు యాడ పెట్టుకోని తోలుతాండావప్పా?" అని ఉన్న కోపమంతా ఆయన మీద పోశాను.

పాప మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. స్కూలు బ్యాగు తెచ్చి వాళ్లమ్మ చేతికిచ్చి, "లోపల పెట్టేయమ్మా, ఇంగ దీంతో పని లేదు," అంది. గొర్రెలాయన ఆ మాట విన్నాడు. సంగతి అడిగాడు. కోడలు చెప్పింది. ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"అంతేనా పాపా? దయ్యం కావల్ల, అంతే కదా? లెయ్."

"ముందు ఆ కాయకు ఒక గాటు పెట్టిపోప్పా," అన్నాను. నా కోపం ఇంకా దిగలేదు.

ఒక్క గాటు కాదు, మొత్తం ఆయనే చెక్కాడు. నోరు అచ్చం గొర్రె నోరులాగే వచ్చింది. తర్వాత రాత్రిపూట మంద చుట్టూ కట్టే వల తెచ్చి, గోడలు పోయినచోట గుంజలకు బిగించాడు. కోడలు నా చీరలన్నీ దాని మీద వేసింది. మందను వల అవతల నిలిపి, నల్ల కంబళి తల మీదుగా కప్పుకుని నడిమి మలుపులో కూర్చున్నాడు. చూస్తే ఒక బండరాయి అంతే.

పొద్దు మునిగి మసక పడేటప్పటికి పిల్లలు వచ్చారు. పదకొండు మంది కాదు, తొమ్మిది మంది. మా పాపకు 'యాడ' అని పేరు పెట్టిన పొడుగు పిల్ల ముందు నడిచింది. సేమ్యాలో చెయ్యి పెట్టి నవ్వింది. నైటీ దగ్గర ఆగి, "ఇది నైటీ కదా!" అంది. అందరూ నవ్వారు. వాళ్ల వెనకే నేనూ పాపా. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

నడిమి మలుపుకు వచ్చారు. బండరాయి లేచి నిలబడింది. మందను పిలిచే కూత ఒకటి గొంతులోంచి తీసింది. వల అవతల యాభై గొర్రెలు ఒక్కసారి బదులిచ్చాయి. ఎవరో అటు టార్చి వేశారు. గాలిలో జతలు జతలుగా పచ్చటి కళ్లు.

"అమ్మో! దోవ యాడుండాది? యాడుండాది?" అని అందరికంటే గట్టిగా అరిచింది ఆ పొడుగు పిల్లే. మిగిలినవాళ్లూ అదే అరుపు. ఒకరి మీద ఒకరు పడుతూ తిరుగుతుంటే మా పాప నా చెయ్యి వదిలించుకుని, "ఈడుండాది! నా ఎనక రాండి!" అని ముందుకు దూకింది.

 బయటికి వచ్చాక ఒకటే నవ్వులు. మళ్లీ పోదాం అన్నారు. మూడుసార్లు పోయారు. ఆయన మూడుసార్లూ లేచాడు. ఆ తర్వాత అందరం ఉడికిన కాయలు వలుచుకుంటూ మెట్ల మీద కూర్చున్నాం.

పోయేముందు గొర్రెలాయనకు ఏమిచ్చినా తీసుకోలేదు. "గోడ తిన్నాయి కదక్కా. సరిపాయె," అని కంబళి దులుపుకున్నాడు. అన్నన్ని మాటలు అన్నాను, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ఆయన కంబళి కొంగున మూట కట్టి కాయలిస్తే మాత్రం తీసుకున్నాడు. ఆ మనిషి పేరు కూడా నేను అడగలేదు. ఇప్పుడు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నా పేరు లేకుండానే పెట్టుకుంటాను.

మర్నాడు కొడుకు మిగిలిన కట్టెను తాళ్ల మీద నుంచి తీసి మళ్లీ వామి వేశాడు. బడి నుంచి వచ్చిన పాప అందులోంచి చేతినిండా కట్టె లాక్కుని గేటు దగ్గర నిలబడింది. దాని పక్కన ఆ పొడుగు పిల్ల, తనూ చేతినిండా కట్టె పట్టుకుని, దోవ వైపే చూస్తోంది.

"గొర్రెలు ఇంకా రాలేదేమి అవ్వా?" అని నన్నడిగింది. ఎవరో పరాయి పిల్ల, నన్ను అవ్వా అంది.