గాలి లేకున్నా నడిచే టైరు

కారు ఇంటికి తెచ్చిన రోజు మా బాపు ఇంజన్ చూడలేదు, సీట్లు చూడలేదు. నేరుగా వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచాడు. లోపలి మ్యాట్ ఎత్తి, కింద చెయ్యి పెట్టి తడిమాడు. టైరు పట్టే గుంత కోసం వెతుకుతున్నాడని నాకు తెలుసు. అక్కడ గుంత లేదు.

"స్టెప్నీ ఏది బిడ్డా?"

"దీనికి స్టెప్నీ ఉండదు బాపు. పంచరైనా నడుస్తది."

ఆయన ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. "స్టెప్నీ లేకుండ రోడ్డెక్కుడేంది?" అని డిక్కీ మూశాడు. మామూలుగా మూయలేదు, దబ్బున మూశాడు. నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ కారు నేను కొన్నదే ఆయన కోసం.

బాపుకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పైకి ఏ గుర్తూ లేదు. మనిషి గట్టిగానే ఉన్నాడు, కడుపునిండా తింటున్నాడు, సైకిలు తొక్కుతున్నాడు. కాళ్లకు నీరు వచ్చి పరీక్ష చేయించేసరికి అంతా అయిపోయిందన్నారు. మాది అచ్చంపేట. మాకు డయాలసిస్‌కు చోటు దొరికింది మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో. తొంభై కిలోమీటర్ల పైచిలుకు దారి. వారానికి మూడుసార్లు చేయిస్తే మంచిదన్నారు కానీ, ఆ దూరానికి మేము రెండుసార్లకే ఒప్పుకున్నాం. సోమవారం, గురువారం. ఆ రెండు రోజులు నా జిరాక్సు షాపులో మా ఆయన కూర్చునేవాడు, నేను బండి నడిపేదాన్ని.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి బాపు ఎడమ ముంజేతిలో నరానికి నరం కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల రక్తం జుమ్మని పరుగెత్తడం తెలుస్తుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. అది చెడితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, అన్నాళ్లు మనిషి ఆగుతాడో లేదో తెలియదు. ఆ మాట డాక్టరు ఆయన ముందే చెప్పాడు. నెల తిరక్కుండా మా పాత చిన్న కారు తెలకపల్లి దాటాక పంచరైంది. నేను బోల్టులు విప్పలేక తంటాలు పడుతుంటే, నేను చూడని క్షణంలో ఆయన జాకీ రాడ్డు అందుకొని ఎడమ చేత్తో నొక్కడం మొదలుపెట్టాడు. నేను అరిచాను. కన్నతండ్రి మీద రోడ్డు మీద అట్లా అరవడం నాకు అదే మొదటిసారి. ఆయన రాడ్డు కింద పెట్టి, వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు.

అందుకే హైదరాబాద్‌లో పాత బండ్లు అమ్మే మనిషి, "మేడమ్, దీనికి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి మొత్తం పోయినా టైరు పక్క గోడలే బండిని మోస్తయి. మీరు కిందికి దిగే పనే లేదు" అనగానే నా మనసు దాని మీద పడింది. విదేశీ కంపెనీ బండి, ఎవరో డాక్టరమ్మ వాడి వదిలేసింది. కొత్త చిన్న కారు ధరకే వస్తోంది. పంచరైనా ఆగదు. జాకీ లేదు, రాడ్డు లేదు, బాపు చెయ్యి పెట్టడానికి ఏమీ లేదు. ఇంకేం కావాలి అనుకున్నాను.

బండి ఇంటికి వచ్చిన వారానికి యాదగిరిగుట్టకు తీసుకెళ్లి పూజ చేయించాం. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. నేను బండి ముందుకు కదిలిస్తే మూడు చితికాయి. ముందు కుడి టైరు కిందిది పక్కకు జారి, దొర్లుకుంటూ మోరీలో పడింది. బాపు దాన్ని చూశాడు, నేను చూశాను. ఇద్దరం ఏమీ అనుకోనట్టు ప్రసాదం తిన్నాం. తర్వాత పోయింది వెనక ఎడమ టైరు. నిమ్మకాయ కూడా తప్పే చెప్పింది.

ఆ టైర్ల సుఖం, కష్టం నాకు నెల రోజుల్లో తెలిసింది. సుఖం ధైర్యమే. అడవి అంచున సిగ్నల్ లేని చోట నడుపుతున్నా గుండె దడ లేదు. కష్టం అంటే, గోడలు మొద్దుగా ఉండడం వల్ల రోడ్డు మీది ప్రతి గుంత సీటులోంచి నడుముకు తగిలేది. తిరుగు ప్రయాణంలో బాపు సూదులు గుచ్చిన చేతిని కుడి చేత్తో పట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా పళ్లు బిగించేవాడు. మా ఊరి పంచరు షాపాయన ఒకసారి బొటనవేలితో టైరు గోడ నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గిది నా మిషన్ మీద ఎక్కదక్కా. జబర్దస్తీ ఎక్కిస్తే రిమ్ము పలుగుతది. గాలి కొట్టమంటే కొడ్త. పంచరైతే మాత్రం నా దగ్గరికి తేకు."

బండితో వచ్చిన పుస్తకంలో కూడా చదివాను. గాలి లేకుండా ఎనభై కిలోమీటర్లు పోతుందట, అది కూడా గంటకు ఎనభై దాటకుండా నడిపితే. మా దారి తొంభై పైన. ఆ తేడా నాకు కనబడకపోలేదు. పంచరు సరిగ్గా మా ఇంటి ముందే ఎందుకు అవుతుందిలే అనుకున్నాను.

బాపుకు ఒక అలవాటు. లారీ తోలినన్నాళ్లూ పొద్దున బండి తీసే ముందు చింతకర్రతో ప్రతి టైరునూ కొట్టి చెవి పెట్టి వినేవాడు. గాలి నిండుగా ఉంటే టంగుమంటుందట, తగ్గితే దబ్బుమంటుందట. పది టైర్లలో లోపలి జతలో ఏది తగ్గిందో కూడా చెప్పేవాడు. ఆ కర్ర మా కార్లోకి కూడా వచ్చింది, ఆయన సీటు కింద ఉండేది. కొత్త టైర్లను మొదటిసారి కొట్టినప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది.

"ఇవి పలుకుత లేవు బిడ్డా. ఊకె టక్కుమంటున్నయ్."

అయినా మానలేదు. ప్రతి సోమవారం, గురువారం నాలుగు టైర్లూ కొట్టేవాడు. కొన్నాళ్లకు వాటి భాష కూడా పట్టుబడిందన్నాడు. "ఏమంటున్నయ్ బాపు నీ టైర్లు?" అని నేను ఏడిపించేదాన్ని. "నీ డ్రైవింగ్ మంచిగ లేదంటున్నయ్" అనేవాడు. ఆ కర్ర పట్టుకున్న రెండు నిమిషాలు ఆయన రోగి కాదు. అది నాకు కనబడేది. అందుకే నేనూ ఇంజన్ ఆన్ చేయకుండా ఆగేదాన్ని.

బండిలో గాలి సంగతి చెప్పడానికి ఒక పసుపు దీపం ఉంది. గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఒక గీత, కింద చుక్క. చలికాలం మొదట్లో రెండుసార్లు వెలిగింది. రెండుసార్లూ పంచరు షాపాయన గాలి చూసి, "చలికి జర తగ్గిందక్కా, అంతే" అన్నాడు. గాలి కొట్టించి, బటన్ నొక్కితే దీపం పోయింది.

మూడోసారి ఒక సోమవారం పొద్దున వెలిగింది. ముందు రోజు చుట్టాల పెళ్లిలో బాపు మాకు తెలియకుండా రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. గురువారం నుంచి నాలుగు రోజుల నీరు ఒంట్లో ఉంది. ముఖం ఉబ్బింది, చెప్పులు పట్టడం లేదు. తొమ్మిదిన్నరకు మా వంతు. పంచరు షాపాయన ఎనిమిదింటికి గానీ తెరవడు.

"దీపం వచ్చింది బాపు."

ఆయన కర్ర తీసుకొని దిగాడు. నేను కూడా దిగి చూశాను. నాలుగు టైర్లూ ఒకేలా నిలబడి ఉన్నాయి. గాలి పోయినా కుంగకుండా ఉండడమే వాటి గొప్పతనం అన్న సంగతి ఆ చలిలో నాకు గుర్తు రాలేదు. బాపు ఒక్కో టైరు దగ్గర వంగి, కొట్టి, ఊపిరి తీసుకొని, మళ్లీ కొట్టాడు. మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

"నాలుగు ఒక్కతీరుగనే పలుకుతున్నయ్. చలికి వచ్చింది. ఆ దీపం తీసెయ్."

నాకు అనుమానం లేకపోలేదు. వెనక్కి తిప్పి పెట్రోలు బంకుకు పోతే గాలి మిషను ఉంది, ఇరవై నిమిషాల పని. కానీ ఆ వారమంతా ఆయన మాట ఒక్కటీ నెగ్గలేదు. ఏం తినాలో మేము చెప్పాం, ఎన్ని గ్లాసులు తాగాలో మేము చెప్పాం, మజ్జిగ సంగతి తెలిసి పొద్దున్నే నేను తిట్టాను కూడా. టైర్ల విషయంలోనైనా ఆయన మాట నిలబడనిద్దాం అనిపించింది. బటన్ నొక్కాను. దీపం ఆరింది. అట్లా నొక్కితే ఇప్పుడున్న గాలే సరైన గాలి అని బండికి మనమే చెప్పినట్టు అవుతుందని మెకానిక్ తర్వాత చెప్పాడు. ఏదో చెప్పబోతున్న దాని నోరు నేనే మూశాను.

దీపం లేదు గనుక వేగం తగ్గించాలన్న ఆలోచనే రాలేదు. నాగర్‌కర్నూల్ దాటాక రోడ్డు బాగుంటుంది. ఆలస్యమైందని తొంభై, వంద మీద పోనిచ్చాను. బాపు కిటికీకి తల ఆనించి, నోటితో గాలి తీసుకుంటున్నాడు. బిజినేపల్లి దాటిన కాసేపటికి తల ఎత్తాడు.

"ఆపు."

"ఏమైంది బాపు, వాంతి వస్తుందా?"

"బండి ఆపు బిడ్డా. కాలిన వాసన వస్తుంది."

నాకు ఇంకా ఏ వాసనా రాలేదు. ఆపి దిగేసరికి వెనక ఎడమ చక్రం దగ్గర పొగ. వంగి చూస్తే లోపలి వైపు గోడ చిరిగి పేలికలైంది, తీగలు బయటికి వచ్చాయి. డిక్కీ తెరిచాను, ఎందుకు తెరిచానో నాకే తెలియదు. అందులో ఆయన దుప్పటి, మందుల సంచి ఉన్నాయి.

పక్క ఊళ్లోని పంచరు మనిషిని ఎవరో బండి మీద తీసుకొచ్చారు. అతను చూసి, "గిది మా తాన కాదమ్మా. హైదరాబాద్‌కెళ్లి టైరే రావాలె" అన్నాడు. ఫోన్ చేస్తే రెండు రోజులన్నారు. మామూలు బండి అయితే స్టెప్నీ వేసుకొని పావుగంటలో పోయేవాళ్లం. పంచరైనా ఆగదని కొన్న బండి, రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద ఆగిపోయి ఉంది.

బాపు కర్ర పట్టుకొని చక్రాల దగ్గరికి నడిచాడు. మొదట బాగున్న కుడి టైరును కొట్టాడు. టక్కుమంది. తర్వాత ఎడమ వైపు వచ్చి, ఆ చిరిగిపోయిన టైరును బయటి వైపు కొట్టాడు. అదీ టక్కుమంది. ఒకటే శబ్దం. ఇంకోసారి కొట్టి విన్నాడు. తర్వాత కర్రను తుమ్మచెట్టుకు ఆనించి, గట్టు మీద కూర్చున్నాడు.

నేను దవాఖానకు ఫోన్ చేశాను. మీ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తాం, సాయంత్రం చూద్దాం అన్నారు. ముప్పావుగంటకు బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు, "బాపు, నీ కర్ర" అన్నాను.

"ఉండనియ్."

బస్సు మెట్లు మూడు. మూడు మెట్లకూ మూడుసార్లు ఆగాడు. మహబూబ్‌నగర్ చేరేసరికి పెదాలు నల్లబడ్డాయి. పడుకోబెడితే ఊపిరి ఆడడం లేదు, కూర్చోబెట్టి మాస్కు పెట్టారు. మిషను ఖాళీ అయ్యేదాకా నేను ఆ ఎడమ ముంజేతి మీద వేలు పెట్టి కూర్చున్నాను. లోపల రక్తం పరుగెత్తుతూనే ఉంది. అది ఆగిపోతే నేనే చంపినట్టు అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు బతికాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని, గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. నేను ఆ నాలుగు టైర్లూ తీయించి మామూలువి వేయించాను. డిక్కీలో గుంత లేదు కాబట్టి స్టెప్నీని తాడుతో కట్టి అడ్డంగా పడేశాను, సామాను పెట్టే జాగా పోయింది. పట్నంలో, కంపెనీ షోరూము పక్కనే ఉండేవాళ్లకు ఆ టైర్లు మంచివే కావచ్చు. మాకు పనికిరావని తెలుసుకోవడానికి మేము ఇచ్చింది ఎక్కువైంది.

కొత్త టైర్లు టంగుమంటాయని బాపుకు చెప్పాను, ఇంకో కర్ర కూడా తెచ్చి పెట్టాను. ముట్టుకోలేదు. బండి దగ్గరికి వచ్చి, "దీపం వచ్చిందా?" అని మాత్రం అడిగేవాడు. లేదంటే ఎక్కి కూర్చునేవాడు.

రెండు నెలల తర్వాత ఒక గురువారం, తిరిగి వస్తున్నాం. ఆ రోజు డాక్టరు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచి పావుగంట మాట్లాడాడు. ఏం చెప్పాడని బాపు అడగలేదు. బిజినేపల్లి దగ్గర ఆ తుమ్మచెట్టు వచ్చింది. కర్ర లేదు, ఎవరో తీసుకుపోయారు. చెట్టు వెనక్కి పోయాక ఆయన అడిగాడు.

"బుక్కుల రాసి ఉంటదంటివి గద, గాలి లేకుండ ఎంత దూరం వోతదో."

"ఎనభై కిలోమీటర్లు బాపు."

"అన్నిటికీ గంతేనా?"

"బరువును బట్టి, రోడ్డును బట్టి ఉంటదట. మెల్లగ నడిపితే ఇంకా జర ఎక్కువ వోతదట."

ఆయన సూదులు గుచ్చిన చేతిని ఒళ్లో పెట్టుకొని, దాని మీద కుడి చెయ్యి వేసుకున్నాడు. ఆ టైర్లు మా బండికి లేవని ఆయనకు తెలుసు.

"అయితే మెల్లగ నడుపు బిడ్డా."

నేను వేగం తగ్గించాను. మా వెనక ఒక లారీ చాలాసేపు హారన్ కొడుతూనే ఉంది.