సుగుణమ్మ మెడ ఎక్స్‌రే

కరోనాకు రెండేళ్ల ముందు వేసవిలో, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో సీనియర్ రేడియోగ్రాఫర్‌గా చేరాను. అంతకు ముందు ముప్పై ఏళ్లు ప్రభుత్వ దవాఖానలో ఇదే పని చేశాను. రేడియోగ్రాఫర్ అంటే ఎక్స్‌రే తీసేవాడు. దాన్ని చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. ఈ తేడా జనానికి పట్టదు. నన్ను అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్లు, నేనూ పెద్దగా కాదనేవాణ్ని కాదు.

మా పనిలో ముఖ్యమైనది పొజిషనింగ్. ఎముక సరిగ్గా కనబడేలా మనిషిని నిలబెట్టడం, కూర్చోబెట్టడం, తిప్పడం. నేను ఫిల్ముల కాలంలో పని నేర్చుకున్నాను. ఒక ఫిల్ము పాడైతే మా పెద్దసారు అందరి ముందూ కడిగేసేవాడు. అందుకని పేషెంటు తలను రెండు చేతులతో పట్టి, కావలసినంత వంచి, ‘కదలొద్దు’ అని గద్దించి తీసేవాణ్ని. నా ఎక్స్‌రే రెండోసారి తియ్యాల్సిన అవసరం రాదని పేరు. ఆ పేరు నాకు బాగానే నెత్తికెక్కింది.

ఒక మధ్యాహ్నం బాలాపూర్ నుంచి సుగుణమ్మ అనే ఆవిడ కూతురి భుజం పట్టుకుని వచ్చింది. యాభై దాటి ఉంటుంది. ఇంట్లో జాకెట్లు కుట్టే పని. పదిహేనేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లను లోపలినుంచి తినేసే వాతం. చేతివేళ్లు ఒకవైపుకు వంకర తిరిగాయి, మోకాళ్లు పూర్తిగా అరిగాయి. మర్నాడు ఉదయం ఎల్బీనగర్‌లో ఒక ఆస్పత్రిలో మోకాలు మార్పిడి ఆపరేషన్. వెన్నులో సూది కుదరదని పూర్తి మత్తు ఇవ్వబోతున్నారు. మత్తు డాక్టరు ముందుజాగ్రత్తగా మెడ ఎక్స్‌రే అడిగాడు. చీటీలో రెండే రాసి ఉన్నాయి, ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి.

స్టూలు మీద కూర్చోబెట్టి రెండూ తీశాను. తెరమీద చూస్తే పూసలు కొంచెం అరిగాయి తప్ప అన్నీ వరుసలోనే ఉన్నాయి. రిపోర్టు సాయంత్రానికి వస్తుందని చెప్పి, బయట ఉన్న తర్వాతి పేషెంటును పిలవబోతున్నాను.

సుగుణమ్మ చెప్పులు వేసుకుంటోంది. ఎడమ అరచెయ్యి గడ్డం కింద పెట్టుకుని, మెడ ఏమాత్రం కదలకుండా నడుము నుంచి మాత్రమే వంగింది. నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషి వంగినట్టు వంగింది. మెడ నొప్పా అని అడిగాను.

“నొప్పి కాదు సార్. మెడ ఒంచితే రెండు చేతులల్ల కరెంటు కొట్టినట్టయితది. గందుకే గిట్ల పట్టుకుంట” అంది.

“మా అమ్మ ఎప్పుడూ గంతే సార్. కుట్టుమిషన్ గుడ ఇటుకల మీద పెట్టించుకున్నది, తల ఒంచేది లేకుంట” అని కూతురు నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. వెంటనే మా రేడియాలజిస్టు డాక్టర్ పద్మజకు చెప్పాను. ఆవిడది తెనాలి వైపు, మాట మెత్తన, పని చండశాసనం. మత్తు డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడి, మెడ ముందుకు వంచి పక్కనుంచి ఇంకో ఎక్స్‌రే తీయాలన్నారు. “యాదగిరి గారూ, ఆవిడంతట ఆవిడే వంచాలండీ. చేతుల్లో జివ్వుమంటే అక్కడే ఆపెయ్యాలి” అని చెప్పి, మెషీన్ నడిపే అద్దాల గదిలో నిలబడ్డారు.

సుగుణమ్మ మెల్లగా తల దించింది. గడ్డం ఛాతీకి ఇంకా నాలుగు వేళ్ల ఎడం ఉండగానే ఆగిపోయింది. మా లెక్కలో అది చాలదు. అప్పుడే విన్న మాట ఎటు పోయిందో, నా కుడిచెయ్యి దానంతటదే ఆమె తల వెనక్కి వెళ్లింది. కాస్త నొక్కితే చక్కటి ఎక్స్‌రే వస్తుంది.

ఆమె చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. ఆ వంకర వేళ్లలో అంత బలం ఉంటుందనుకోలేదు. “చెయ్యి పెట్టకుండ్రి సార్. ఇంతే ఒంగుతది. ఇంక ఒంచితే కాళ్లు గుడ నాయి గావు” అంది.

చిన్నబుచ్చుకుని అద్దం వెనక్కి వెళ్లి బటన్ నొక్కాను. బొమ్మ వచ్చేలోపు ఫారం తీసుకుని, ఇలాంటప్పుడు మేమంతా రాసే మాటే రాశాను: ‘పేషెంట్ సహకరించలేదు.’

“యాదగిరి గారూ, ఇలా చూడండి” అన్నారు డాక్టరమ్మ. గొంతు మారింది.

మెడలో మొదటి పూస ఉంగరంలా ఉంటుంది. రెండో పూస నుంచి ఒక ఎముక పిడి లేచి ఆ ఉంగరంలో తిరుగుతుంది. పిడి వెనక్కి జారకుండా ఒక పీచు పట్టి కట్టి ఉంచుతుంది. దాని వెనకే వెన్నుపాము. ఉంగరానికీ పిడికీ మధ్య ఎడం పెద్దవాళ్లలో మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. మెడ నిటారుగా ఉన్న ఎక్స్‌రేలో సుగుణమ్మకు సరిగ్గా అంతే ఉంది. మెడ వంచినదాంట్లో తొమ్మిది ఉంది. వాతం ఆ పట్టిని ఏనాడో తినేసింది. వెన్నుపాముకు మిగిలిన చోటు సన్నటి గీతంత.

నాకు భయం సగం, ఆశ్చర్యం సగం. మా లక్షల మెషీన్ రెండు ఎక్స్‌రేలు తీసి ఏమీ లేదని చెప్పింది. ఈ మనిషి ఏ బొమ్మా చూడకుండా, ఏ లెక్కా తెలియకుండా, తన మెడ ఎక్కడ ఆగాలో కనిపెట్టి, ఏళ్ల తరబడి అక్కడే ఆపుకుంటూ వచ్చింది. కుట్టుమిషన్ ఎత్తించుకుంది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది, చివరికి నా చెయ్యి కూడా ఆపింది. ముప్పై ఏళ్లలో వేల మెడలు చూశాను కానీ, ఒక మనిషి శరీరం ముందు అంత చిన్నవాణ్ని అయింది ఆ ఒక్కసారే.

“ఆవిడ మీ చెయ్యి పట్టుకోవడం చూశానండీ. వెళ్లి దణ్ణం పెట్టి రండి” అన్నారు డాక్టరమ్మ. నిజంగానే పెట్టాను. సుగుణమ్మ కంగారుపడి, “ఏంది సార్ గిది, మీరు పెద్దోళ్లు” అంది.

అక్కడికక్కడే మెడకు గట్టి కాలర్ వేశాం. మర్నాటి ఆపరేషన్ ఆగిపోయింది. మత్తులో కండరాలు వదులైపోతాయి, మనిషి నోట మాట ఉండదు, చెయ్యి లేవదు. ఆ స్థితిలో ఊపిరి కోసం గొంతులో గొట్టం వెయ్యడానికి తల కదిపి ఉంటే వెన్నుపాము నలిగిపోయేదని మత్తు డాక్టరే తర్వాత ఫోన్‌లో చెప్పాడు. ముందు ఆ రెండు పూసల్నీ స్క్రూలతో బిగించారు. ఆరు నెలలు ఆగి మోకాళ్లు మార్చారు. సుగుణమ్మ ఇప్పుడు నడుస్తోంది, కుడుతోంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్న సంగతే. మెడ వంగకపోతే, ఎందుకు వంగడం లేదని మొదట పేషెంటును అడగాలి. ఆ ఫారం మీద నేను రాసిన మాట కొట్టేసి, ‘జివ్వుమన్న చోట పేషెంట్ ఆపింది’ అని రాశాను. రెండేళ్ల కిందట పని మానేసే దాకా మళ్లీ ఎవరి తలా వంచలేదు. అయితే అంతకు ముందు ముప్పై ఏళ్లు నా చేతి కింద చక్కగా వంగిన మెడలు చాలా ఉన్నాయి. ఆ ఎక్స్‌రేలన్నీ బాగానే వచ్చాయి. ఆ మనుషులు ఎలా ఉన్నారో నాకు తెలియదు.