పెదవి మీది చుక్కలు

షేక్‌పేటలో బస్సెక్కితే, పక్క సీటులో ఒక అమ్మాయి పెదవులకు మందంగా రంగు పూసుకుంటున్నది. సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలట, ఫిల్మ్‌నగర్‌లో దిగుతుందట. చూసి ఊరుకోవడం నాకు చేతకాదు.

“గంత రంగెందుకు బిడ్డా? మూతి మంచిగనే ఉన్నది గద. పైసలు దండుగ.”

ఆమె నవ్వి, రుమాలుతో కింది పెదవి తుడిచి చూపించింది. “ఇవి కనపడకూడదంటారు, మామ్మగారూ.”

నల్ల నువ్వులు చల్లినట్టు చుక్కలు.

నా బిడ్డ సరోజకు అచ్చం అట్లనే ఉండేవి. నేరేడుపండ్లు తిన్నావా అని అందరూ నవ్వేవాళ్లు. పెండ్లీడు రాకముందే కడుపునొప్పితో పోయింది. పేగు మడతపడ్డదన్నారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ సంగతే ఈ పిల్లతో అన్నాను.

ఆమె నవ్వు ఆపింది. “మా అమ్మకూ ఉన్నాయండీ. వంశంలో వచ్చేదట. పేగుల్లో, పొట్టలో కణుతులు లేస్తాయి. నాకు ఎప్పటికప్పుడు కెమెరా గొట్టం వేసి చూసి, పెరిగినవి తీసేస్తుంటారు. మీ ఇంట్లో వాళ్లనీ ఒకసారి చూపించండి.”

తర్వాత నా కొడుకునూ మనుమలనూ దవాఖానకు తోలింది ఆ మాటే. ఆ పూట మాత్రం సగమే విన్నాను. నా చూపంతా ఆ పెదవి మీదనే ఉన్నది.

ఆమె మళ్లీ రంగు పూసుకోబోయింది.

“దిగేదాక పూసుకోకు బిడ్డా,” అన్నాను. “జర చూస్త.”

ఆ పిల్ల రంగు సంచిలో వేసుకుని, ముఖం నా వైపు తిప్పి కూర్చున్నది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. దిగలేదు.

ఫిల్మ్‌నగర్ తొందరగానే వచ్చింది.