తెర మీద ఆగిన అల

1998 వానాకాలంలో నన్ను సీలేరు లోయలోని ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రానికి పరీక్షల పని మీద పంపారు. అప్పటికి నేను టెస్టింగ్ విభాగంలో ఏడీఈని, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుని. జనరేటర్‌లోని విద్యుదయస్కాంతానికి కరెంటు పంపే ప్యానెల్ మొరాయిస్తోంది. మా విభాగానికి కొత్తగా వచ్చిన డిజిటల్ స్టోరేజ్ ఆసిలోస్కోపును, అంటే వోల్టేజి హెచ్చుతగ్గుల్ని తెర మీద అలగా గీసి చూపే యంత్రాన్ని, ఘాట్ రోడ్డంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చారని ఫోర్‌మన్ అప్పలనాయుడు నవ్వాడు.

పాత ఆసిలోస్కోపులో సిగ్నలే నేరుగా తెర మీది చుక్కను కదుపుతుంది. సిగ్నల్ పోతే బొమ్మా పోతుంది. కొత్తదాని పద్ధతి వేరు. వచ్చిన వోల్టేజిని క్షణక్షణం కొలిచి, అంకెలుగా మార్చి మెమరీలో పెట్టుకుంటుంది. డిస్‌ప్లే సర్క్యూట్‌కి సిగ్నల్‌తో పనిలేదు. ఆ మెమరీనే సెకనుకు ఎన్నోసార్లు చదివి తెర మీద గీస్తుంటుంది. మెమరీలో కొత్త అంకెలు పడాలంటే ట్రిగ్గర్ రావాలి, అంటే అల మనం పెట్టిన హద్దు దాటాలి. నార్మల్ మోడ్‌లో అలా దాటే అల రాకపోతే పాత బొమ్మే అలాగే ఉండిపోతుంది.

ఆ మధ్యాహ్నం పెదబయలు ఊరి ఫిట్టర్ సోమన్న ప్యానెల్ తలుపు దగ్గర, ఆసిలోస్కోపుకి సిగ్నల్ తెచ్చే ప్రోబ్ తీగ సర్దుతున్నాడు. కప్పు నుంచి కారిన నీటిలో కాలు జారింది. పెద్ద చప్పుడైంది. హాల్లో దీపాలన్నీ పోయాయి. టార్చి వేసి చూస్తే సోమన్న లోపలికి ఒరిగిపోయి ఉన్నాడు. భుజం చట్రంలో ఇరుక్కుంది, మోచెయ్యి కరెంటు మోసే బస్‌బార్ రాగిపట్టీ మీద ఆనింది. ఊపిరి ఆడడం లేదు.

యూపీఎస్ మీద నడుస్తున్న ఆసిలోస్కోపు మాత్రం వెలుగుతోంది. తెర మీద అల ఉంది.

నేను ముందుకు దూకబోతే అప్పలనాయుడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "ముట్టుకోకండి సార్! కరెంటున్నాది. బొమ్మ ఇంకా అవుపడతంది, సూడండి!"

బ్రేకర్ తీసేసి కరెంటు ఆపానని పై కంట్రోల్ రూం నుంచి ఆపరేటర్ అరిచాడు. నిజమో కాదో చెప్పాల్సిన ప్యానెల్ దీపాలు ఆరిపోయి ఉన్నాయి. బస్‌బార్‌ను భూమికి కలిపే ఎర్తింగ్ రాడ్డు గోడకే ఉంది. కరెంటు లేకపోతే అది తగిలించి మనిషిని లాగొచ్చు. ఉంటే, తగిలించగానే మంట లేచి సోమన్న మా కళ్లముందే కాలిపోతాడు. అంత భయం ఉద్యోగంలో మళ్లీ ఎప్పుడూ ఎరగను.

"ఏటి సేద్దాం సార్, బేగి సెప్పండి," అన్నాడు అప్పలనాయుడు.

ట్రిగ్గర్‌ను నార్మల్ నుంచి ఆటోకి మార్చాను. ఆటోలో ట్రిగ్గర్ కోసం ఎదురుచూపు ఉండదు, ఉన్నదాన్ని ఉన్నట్టు కొలిచి మెమరీ నింపుతుంది. అల పోయి, వోల్టేజి లేదని చెప్పే అడ్డగీత వచ్చింది. నా భయం తగ్గకపోగా పెరిగింది. ప్రోబ్ ఊడిపోయినా అదే గీత వస్తుంది. టార్చి లోపలికి తిప్పాను. క్లిప్పు రాగిపట్టీని కరుచుకునే ఉంది. లోపల తీగ తెగలేదని మాత్రం ఎవరు చెప్పగలరు? ఆపరేటర్ మాట, అడ్డగీత, క్లిప్పు మూడూ ఒకటే చెబుతున్నాయి. అంతకుమించి ఆగితే సోమన్న దక్కడు.

రాడ్డు ఎత్తి, దేవుణ్ణి తలుచుకుని తగిలించాను. లోహం టక్కుమంది. మంట లేవలేదు. ఇద్దరం సోమన్నను బయటికి లాగాం. నేను నోటితో ఊపిరి ఊదుతుంటే అప్పలనాయుడు ఛాతీ నొక్కాడు. చాలాసేపటికి ఒక దగ్గు వచ్చింది. తర్వాత సోమన్న పనిలోకి వచ్చాడు గానీ కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ సాగలేదు.

ఆ పైన నా దగ్గర శిక్షణకు వచ్చినవాళ్లందరికీ ముందు ఇదే చెప్పాను. తెర మీద అల ఉన్నంత మాత్రాన కరెంటున్నట్టు కాదు, గీత ఉన్నంత మాత్రాన లేనట్టూ కాదు. ఏ మోడ్‌లో ఉందో, ప్రోబ్ ఎక్కడుందో చూడాలి, ఎర్తింగ్ రాడ్డు తగిలించాకే చెయ్యి పెట్టాలి. సోమన్న ఊపిరి లేకుండా పడి ఉన్నంతసేపూ మేం భయపడి నిలబడింది అప్పటికే పోయిన కరెంటుకి.