తిట్లు తీసేసి రాసిన ఉత్తరం

మొన్న కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్లి భోజనానికి కూర్చున్నాను. ఎదుటి వరుసలో తెల్లచొక్కా ముసలాయన ఒకడు నన్ను చూశాడు. అన్నంలో పప్పు కలుపుతున్నవాడల్లా చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పక్కనున్న మా చుట్టపామె, "పోనియ్యి వదినె, పదేండ్లు దాటె. ఇంక పట్టుకునే ఉంటవా?" అంది. నేను లడ్డూ ఇంకొకటి అడిగి వేయించుకున్నాను. అతని ఆకలి చెడితే నాకు ఆకలి పెరుగుతుంది. చెప్పుకోదగ్గ గుణం కాదని తెలుసు, అయినా చెప్తున్నాను.

అప్పట్లో అతను కోరుట్లలో బోర్డు పెట్టుకున్న గల్ఫ్ ఏజెంటు. మాది సిరిసిల్ల, సాంచాల ఇల్లు. పవర్‌లూమును మా దగ్గర సాంచా అంటారు. అవి వారానికి మూడు రోజులు ఆడితే గొప్ప అనుకునే కాలం. అప్పులకు ఎవరు ఉరేసుకున్నారోనని, ఏ ఇంట్లోంచి ఎప్పుడు ఏడుపు వినిపిస్తుందోనని చెవులొగ్గి పడుకునేవాళ్లం. మా మరిది గల్ఫ్ పోతానన్నాడు. ఏజెంటు మా ఇంటికే వచ్చి, మంచమ్మీద కూర్చుని, నేను బియ్యప్పిండితో కాల్చిన సర్వప్పలు రెండు తిని, ఇంగ్లీషు కాగితం ముందుపెట్టుకుని తెలుగులో చదివి వినిపించాడు. బట్టల దుకాణం, చల్లటి గది, ఎనిమిది గంటల పని, రెండేళ్లకు సెలవు. బట్టలంటే మావాడికి ప్రాణం కదా, మొహం వెలిగిపోయింది. మా యారాలు, అంటే మా మరిది భార్య, నాకు చెల్లెలి లెక్క, "ఏదీ, నన్నొక్కపారి సూడనియ్యి అన్నా" అని చెయ్యి చాపింది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ తెలుగు మీడియం డిగ్రీకి గిది అందదమ్మా. పోయి చాయ్ తే." నిజంగానే ఆమె పోయి చాయ్ తెచ్చింది.

మరిది వెళ్లిన పన్నెండో రోజున ఫోన్ వచ్చింది. దుకాణం లేదు, చల్లటి గది లేదు. కట్టే మేడల మీద ఎండలో ఇనుప చువ్వలు వంచే పని. "వదినా, సలాకు పట్టుకుంటె అరచెయ్యి అంటుకపోతున్నది" అన్నాడు. పాస్‌పోర్టు కంపెనీవాళ్ల దగ్గరే ఉందట. విమానం ఎక్కేముందు ఏజెంటు తన చేతిలో పెట్టిన ఆ ఇంగ్లీషు కాగితాన్ని ఫొటో తీసి పంపాడు. యారాలు డిక్షనరీ పట్టుకుని నాలుగు రోజులు కుస్తీ పడితే సగం అర్థమయింది. మిగతా సగం లాయర్ల ఇంగ్లీషు. ఆ రోజు కండెలు చుడుతూ తలెత్తకుండా అంది: "అక్కా, గా కాయితం మొత్తం సదువుత. సదివి వాన్ని గుంజుకచ్చి గా మంచమ్మీదనే కూసోవెడ్త."

జగిత్యాలలో యూనివర్సిటీ వాళ్లు ఆదివారాలు నడిపే ఇంగ్లీషు కోర్సులో చేరింది. ముందు పరీక్ష పెట్టి ఎవరు ఏ మెట్టుకు సరిపోతారో చూస్తారట. రాయడం బాగుంది, మాట్లాడడమే రాదని ఆమెను అప్పర్ ఇంటర్మీడియట్‌లో వేశారు. మా అత్త నెత్తి కొట్టుకుంది. "ఇంటర్ అయిపాయె, డిగ్రీ అయిపాయె, మల్ల ఇంటరేందే? ఎనుకకు సదువుతున్నవా?" ఇంట్లో సాంచాల చప్పుడు మీద అరిచి అరిచి సాధన చేయడంవల్ల క్లాసులోనూ అట్లాగే మాట్లాడేదట, వెనక బెంచీవాళ్లు చెవులు మూసుకునేవాళ్లట. ఫోన్‌లో విని జవాబులు రాసే పాఠాలకు మాత్రం కరెంటు పోవాలి. కరెంటు పోతే వీధంతా తిట్టుకునేది, ఆమె చాప పరుచుకునేది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. నేను మూడో తరగతి దాటలేదు గాని, ఒకసారి చెవిన పడింది పోదు.

ఆ చెవే చివరికి పనికొచ్చింది. ఫిర్యాదు ఉత్తరం రాసే పాఠం వచ్చినప్పుడు యారాలు తన కడుపులో ఉన్నదంతా రాసుకుపోయింది. నీ ఇంట్లో దీపం ఆరిపోను, నీ నాలుకకు పుండు పుట్టను, అన్నీ ఇంగ్లీషులోకి దించింది. సారు చదివి, నవ్వకుండా అన్నాడట: "తిట్లు తీసెయ్యమ్మా. తారీఖులు పెట్టు. తిట్టుకు ఎవరూ జవాబియ్యరు. తారీఖుకు ఇయ్యక తప్పదు." ఇంటికొచ్చి నా ముందు కూర్చుంది. "అక్కా, వాడు అచ్చింది ఎప్పుడు?" ఎంగిలిపూల బతుకమ్మకు మూడు రోజుల ముందు, బుధవారం, పొద్దెక్కి పది గంటలకు. ఏమేం చదివాడు? ఒక్క ముక్క పోకుండా, అతను ఎక్కడ దగ్గాడో కూడా చెప్పాను. ఉత్తరంలో ఎడమవైపు అతను మాకు చదివి వినిపించింది, కుడివైపు ఆ ఇంగ్లీషు కాగితంలో అసలు ఉన్నది పెట్టింది. ఒక్క తిట్టు లేదు. సారు రెండుసార్లు దిద్దిన ఆ ఉత్తరం హైదరాబాదులో ఏజెంట్లకు పర్మిట్లిచ్చే ఆఫీసుకు పోయింది.

ఆరు వారాలకు ఒక మధ్యాహ్నం ఏజెంటు మా గడపలో ఉన్నాడు, చేతిలో కవరు. కరెంటు లేదు. సాంచాలు ఆగి ఉన్నాయి. పనివాళ్లు, బీడీలు చుట్టే ఇరుగుపొరుగు ఆడవాళ్లు అందరూ మా ఇంటి ముందే ఉన్నారు.

"చెల్లె, ఆఫీసుల నుంచి ఏందో అచ్చింది. నీ పేరున్నదంటున్నరు. జర సూడు."

"కూసో అన్నా," అంటూ ఆ మంచమే చూపించింది. "నాకు అందుతదో లేదో. నువ్వే సదువు. ఆ దినం గింత మందికి సదివి చెప్తివి."

అతను కాగితం తీశాడు. చూశాడు. మళ్లీ చూశాడు. "అద్దాలు మర్శిపోయి అచ్చిన."

మా అత్త కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. "నావి పెట్టుకో కొడుకా."

పెట్టుకున్నాడు. బీడీలు చుట్టే ఆమె ఒకతి, "అయ్యో, పంతులు మంత్రం మర్శిండే" అంది. నాకు అప్పుడు తెలిసింది, ఆ రోజు కూడా అతనికి చదవడం రాదని. ఎవరో చెప్పింది బట్టీపట్టి, కాగితం అడ్డం పెట్టుకుని వల్లించాడు. నేను ఊరుకోలేదు. "బట్టల దుకాణం, చల్లటి గది, ఎనిమిది గంటల పని..." అని అతని గొంతుతోనే, అతని దగ్గుతో సహా అప్పజెప్పాను. అతని ముక్కు మీదికి చెమట జారింది. అప్పుడు యారాలు కాగితం తీసుకుని ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో, సాంచాలు ఆడుతున్నప్పటంత గొంతుతో చదివింది. రెండు నెలల్లో ఫిర్యాదు తేల్చుకోకపోతే పర్మిట్ రద్దు.

"మాఫ్ జెయ్యి చెల్లె. ఫిర్యాదు వాపస్ తీసుకో."

"మా ఆయన గడపల కాలువెట్టినంక అడుగు."

ఎవరి కాళ్లు పట్టుకున్నాడో, నెలన్నరకు మరిది ఇంటికొచ్చాడు. వారం తిరక్కుండా ఏజెంటూ వచ్చి ఫిర్యాదు వాపస్ తీసుకొమ్మని అడిగాడు. యారాలు తలుపు సగమే తీసింది. "అడుగుమన్న గని, ఒప్పుకుంట అన్ననా?" పర్మిట్ రద్దయింది, కోరుట్లలో అతని బోర్డు దిగింది. అంత పంతం ఆడదానికి తగదని వీధిలో కొందరన్నారు. మా అత్త మాత్రం ఆ పూట పాయసం వండమంది.

మరిది మళ్లీ సాంచా దగ్గర నిలబడ్డాడు. తెగిన పోగు అతకబోతే వేళ్లకు అందలేదు. అరచేతులు చెప్పుతోలులా అయిపోయి దారం చేతిలో ఉందో లేదో తెలియదు. యారాలు పక్కన నిలబడి ముడివేసి ఇచ్చేది, ఇప్పటికీ ఇస్తుంది. రోజులు గడిస్తే కోపాలు అవే చల్లారుతాయని పెద్దలంటారు. అతను మా దగ్గర దోచుకుపోయింది ఆ రోజుల్నే. పోయినవాటినే మందనుకుని మింగమంటే ఎట్లా?