నీ ఇల్లు గూడ సాటు, కొమురయ్యా

మొన్న పొద్దుగాల అరుగు మీద కూసోని చాయ తాగుతాన. ఆటోకు మైకు కట్టుకోని ఒకడు మా గల్లిల నుంచి పోతాండు. పశువులకు సూదులేస్తరు, తోలుకరాండ్రి అని ఒక ఆడపిల్ల గొంతు చెప్పిందే చెప్తాంది. మంచి గొంతే. ఆ మైకు గరగర చెవుల పడంగనే నా చెయ్యి దానంతటదే మోకాలు మీద దరువేసింది. మా మనుమరాలు చూసి నవ్వింది. "తాతా, డప్పు ఇంక పోలేదా నీకు?" అన్నది. ఆ పిల్లనే కాయితాలు తెచ్చిచ్చి, ఖాసీం సాబు ముచ్చట మాకు చెప్పినట్టె రాయి అని కూసుండవెట్టింది. నేను నాలుగో తరగతి దాక పోయిన. బస్సు బోర్డు చదువుత, సంతకం చేస్త. ఇంత రాసుడు ఇదే మొదలు. తప్పులుంటె మన్నించుండ్రి. ఆయన్ని చూడనోల్లకు ఎవలో ఒకలు చెప్పాలె గద.

మా ఊరు వరంగల్ కోటకు అవతల ఉంటది. డెబ్బైలల్ల మైకులు యాడియి? ఊరికి ఏం చెప్పాల్నన్నా డప్పు సాటింపే. మేము మాదిగోల్లం, సాటుడు మా నాయిన వంతు, ఆయన తర్వాత నా వంతు. గల్లి గల్లి తిరిగి డప్పు కొట్టి, సర్పంచి చెప్పింది పటేండ్లు చెప్పింది అరిచి చెప్పాలె. నోరు నాది, మాట వాల్లది. అట్లనే అలవాటైంది. డప్పు నా చేతికొచ్చిన ఏడే ఖాసీం సాబు సర్పంచి అయిండు. ఉన్నోడేం కాదు, ఇంత పొలం, ఒక పాత సైకిలు, చెవుల బీడీ. మొదటిసారి ఆయన కాడికి పోయి దూరం నిలబడి, "బాంచెన్ దొరా, ఏం సాటాలె?" అన్న. ఆయన ఎనుకకు తిరిగి చూసిండు. "దొర యాడున్నడురా? దొర పట్నం పొయ్యి శానా దినాలాయె. నేను ఖాసీంను. మామా అను, దగ్గరికి రా" అన్నడు. అప్పటి సంది మామనే.

పొలాలకు పోయే బాట మీద, కాలువ దాటే మోరి వానకు కొట్టుకపోయింది. కొత్తది కట్టాలె. ఆ పని మహబూబు మేస్త్రికి ఇచ్చిన్రు. మహబూబు అంటె మామ భార్య తమ్ముడు. మామ నన్ను పిలిచి, "ఇట్ల సాటు కొమురయ్యా. మోరి పని మహబూబు మేస్త్రికి ఇచ్చినం, మహబూబు సర్పంచి బామ్మర్ది" అన్నడు. నాకు నవ్వాగలే. "మామా, అది ఊళ్లె కుక్కలకు గూడ తెల్సు. మల్ల సాటుడెందుకు?" అన్న. "తెల్సుడు వేరు, చెప్పుడు వేరు రా. చెప్పకపోతె మంది ఎనుక నుంచి గులుగుతరు. మనమే కుల్లం కుల్ల చెప్తె ముంగటికొచ్చి అడుగుతరు. అడగనీ" అన్నడు. పోయి సాటిన. నేను మామ గల్లి దాటకముందే మహబూబు ఆయన కాడికి ఉరికొచ్చి, "బావా, ఇజ్జత్ తీస్తివి గద! నా పెండ్లిల గూడ నన్ను ఇంత గట్టిగ బామ్మర్దీ అని పిలువలే" అని లొల్లి. మామ బీడీ ముట్టించుకుంట, "మోరి గట్టిగ కట్టు. కూలిందనుకో, సర్పంచి బామ్మర్ది కట్టిన మోరి కూలింది అని గూడ ఈ కొమురయ్యతోనే సాటిస్త" అన్నడు. ఇగ సూడుండ్రి, పొలం పోయేటోడు వచ్చేటోడు మోరి కాడ ఆగుడే. "బామ్మర్దీ, ఇసుక జర ఎక్కువైనట్టుందే" అని ఒకడు, "బామ్మర్దీ, ఇయ్యాల నీళ్లు కొట్టినవా?" అని ఒకడు. పాపం మహబూబు తిట్టుకుంటనే కట్టిండు. ఆ మోరి మీది నుంచి ఇప్పటికి ట్రాక్టర్లు పోతానయి.

అప్పుడు నాకు అది తమాషా లెక్కనే ఉండె. ఆ సాటింపు నా ఇంటి మీదికి వచ్చినంకనే అర్థమైంది.

ఎనబైలు వచ్చినయి. ఒక ఎండకాలం బాయిలన్ని అడుగంటినయి. సర్కారు మా ఊరికి ఒక్క బోరింగు ఇచ్చింది. నీళ్లు చూసే సార్లు జీపుల వచ్చి, రెండు జాగలల్ల సున్నం ముగ్గేసి, ఈ రెండిట్ల యాడైనా పడ్తయి అన్నరు. ఒకటి మామ ఇంటి గోడ పక్కన. ఇంకోటి మా వాడ మొదట్ల, నా ఇంటి ముంగట. మా వాడకు నీళ్లంటె రంగయ్య పటేలు బాయే దిక్కు. మా ఆడోల్లు ఆ బాయిల బొక్కెన ఎయ్యొద్దు. నా భార్య సమ్మక్కకు అప్పుడు నిండు నెలలు. పొద్దు పొడవంగనే బిందె పట్టుకోని పోతె ఎండ నెత్తికెక్కినంక వచ్చేది. ఆ బోరింగు కోసం నా పానం కొట్టుకుంటాంది, కని నోరు తెరిచి అడిగే ధైర్యం యాడిది?

మామ పిలిపిచ్చిండు. "రెండు జాగలు సాటు. ఒకటి సర్పంచి ఇంటి పక్కన, సర్పంచి భార్యకు మోకాళ్ల నొప్పులు, ఆమెకు ఆడనే కావాలె. ఇది గూడ సాటు. రెండోది ఎవరి ఇంటి కాడ?" అన్నడు.

"మా వాడల మామా."

"వాడల ఎవరి ఇల్లు?"

"నాదే."

"మరి అది సాటవా? నీకు యాడ కావాలె?"

"నాదేముంది మామా. నేను డప్పు కొట్టేటోన్ని."

"డప్పుకు నీళ్ల దూప గాదురా, నీకైతది. నీ ఇల్లు గూడ సాటు, కొమురయ్యా."

ఆ దినం డప్పు పట్టుకుంటె ఎవని డప్పో పట్టుకున్నట్టయింది. తాతల కాలం సంది మా నోట్ల మా మాట ఎన్నడు లేదు. పటేండ్ల గల్లిల నిలబడి, "రెండో జాగ మా వాడల. సాటేటోని ఇల్లు గూడ ఆడనే ఉన్నది, సాటేటోనికి ఆడనే కావాలె" అన్న. అరుగు మీద కూసున్నోడు ఒకడు, "ఏందిరా, డప్పుకు గూడ మనసైందా?" అన్నడు. పక్కపొంటి ఉన్నోల్లు ఇరగబడి నవ్విన్రు. నేను తల వంచుకోని ఇంకో గల్లికి పోయి మల్ల అదే మాట చెప్పిన.

బడి ముంగట సభ పెట్టిన్రు. మామ కుర్చీల నుంచి లేసి, "ఇది నా ఇంటి ముచ్చట. నేను కుర్చీల ఉంటె నా నోరు పెద్దగైతది. రంగయ్య పటేలా, నువ్వు ఉపసర్పంచివి, నువ్వు నడిపియ్యి" అని మందిల కింద కూసున్నడు. ఆయన భార్య హుస్సేన్‌బీ ఆడోల్ల దిక్కు నుంచి లేసింది. "సూడుండ్రమ్మా, ఇంట్ల నా మాటకు ఒక్కనాడు మంచం దిగనోడు, ఇయ్యాల ఊరి కోసం కుర్చీ దిగిండు!" అన్నది. అందరు నవ్వుడే, మామ గూడ. "నాకైతె మా గల్లిలనే కావాలె. మోకాళ్లు పోయినయి. అడుగుడుకు సిగ్గేంది?" అన్నది. "సిగ్గేం లేదు, మంచిగ చెప్పినవ్" అన్నడు మామ. ఆ గల్లోల్లందరు ఔ ఔ అన్నరు.

"ఇంకెవలన్న మాట్లాడుతరా?" అన్నడు పటేలు. మామ నా దిక్కు సూడలే. చూస్తె నేను లేవకపోదును కావచ్చు. లేసిన. "నాకు మా వాడల కావాలె. మా ఆడోల్లు..." అన్న. అంతే, మాట పడిపోయింది.

అప్పుడు హుస్సేన్‌బీ సమ్మక్క దిక్కు తిరిగింది. "నీళ్లు యాడికెల్లి తెస్తవ్ సమ్మక్కా?"

"పటేలు బాయి కాడికెల్లి అక్కా."

"తోడుకుంటవా?"

"తోడనిస్తరా? పక్కకు కూసుంట. ఎవలన్న పోస్తె తెస్త. పొయ్యకపోతె కూసుంట."

అది తెల్వనోడు ఊళ్లె ఎవడున్నడు? అందరికి తెల్సు. కని బడి ముంగట, ఊరంత కూసున్న కాడ, ఒక ఆడామె నోటి నుంచి అది ఎన్నడు ఇనలే. రంగయ్య పటేలు చేతుల తువ్వాలను మడతలు పెడ్తాండు, ఇప్పుతాండు. హుస్సేన్‌బీ మంది దిక్కు తిరిగింది. "నా మోకాళ్లు పోతె పోయినయి. బాయిల బొక్కెన ఏసుకునే చెయ్యన్న నాకున్నది. ఆ వాడల్నె ఎయ్యండ్రి" అని చెయ్యి లేపింది. ఎనుక నుంచి ఇంకో చెయ్యి లేసింది, ఇంకోటి లేసింది. అందరియి లేవలే. ఉన్నకాడికి సాలినయి.

బోరింగు మా వాడల పడ్డది. సమ్మక్క మొదటిసారి తన చేత్తోని కొట్టుకున్నప్పుడు బిందె నిండినా ఆపలే. నీళ్లు పొర్లిపోతానయి, ఆమె కొడ్తనే ఉన్నది. మామ సైకిలు ఆపి దోసిట్ల పట్టుకోని తాగి, "తియ్యగున్నయి" అని పోయిండు. హుస్సేన్‌బీ అప్పుడప్పుడు కుంటుకుంట వచ్చేది. ఆమె బిందె సమ్మక్కనే నింపేది.

తర్వాతి ఎలక్షన్ల మామ ఓడిపోయిండు. గల్లికి వచ్చిన నీళ్లను వాడకు పంపిండని ఆయన గల్లోల్లే ఓట్లెయ్యలే. ఆయనకు కోపమెక్కువ, ఓడిన దినం మా మీద గూడ అరిచిండు. తెల్లారి తనే చాయకు పిలిచి, "ఎందుకు ఓడగొట్టిన్రో వాల్లకు తెల్సు, నాకు తెల్సు. దాచింది ఏం లేదు, ఇగ ఫికర్ ఎందుకు?" అని నవ్విండు. ఎనబైలు అయిపోకముందే కాలం చేసిండు. తర్వాత శానా మంది సర్పంచులను చూసిన. కొందరు ఆయన కన్న ఎక్కువ పనులు చేసిన్రు, అది గూడ చెప్పాలె. కని తన సొంత అవసరం తనే ముందుగాల ఊరికి చెప్పినోన్ని మల్ల చూడలే.

నలుగుట్ల లేసి మాట్లాడాలంటె నాకు ఇప్పటికి భయమే. అయినా లేస్త. పోయిన ఎండకాలం సభల సిమెంటు రోడ్డు యాడ ఎయ్యాల్నని మాటలు నడుస్తానయి. ఇప్పటి సర్పంచి పిలగాడు ఊరవతల, కొత్తగ ప్లాట్లు చేసిన దిక్కు ఎయ్యాలంటాండు. నేను లేసి, "మా వాడల ఎయ్యాలె. నా ఇల్లు గూడ ఆడనే ఉన్నది, నేను వానకు జారిపడ్డ" అన్న. పిలగాడు నవ్విండు. "తాతా, గట్ల చెప్పు మరి. ఊరి కోసం కాదు, నీ ఇంటి కోసం అడుగుతానవ్" అన్నడు.

"ఔ కొడుకా, నా ఇంటి కోసమే. అందుకే అది ముందుగాల చెప్పిన. ఇగ నువ్వు చెప్పు. నువ్వనే రోడ్డు పొంటి ప్లాట్లు ఎవలియి?"