చెక్కభజనకెక్కిన అమెరికా పాట

మా డ్రైవరన్న పోయాడని మొన్న రాయచోటి నుంచి ఫోనొచ్చింది. నిద్రలోనే పోయాడట. ఆయన నా తోడబుట్టినవాడు కాదు. కువైట్‌లో, హవల్లీలో ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో నేను వంట చేస్తే, ఆయన బండి నడిపేవాడు. ఏడుపొచ్చింది, నిజమే. కానీ ఆ మనిషిని తలుచుకుంటే ఏడుపుకన్నా ముందు గర్వమే పొంగుతుంది నాకు.

సార్‌కు వాళ్ల దేశపు పల్లెపాటలంటే పిచ్చి. ఒకసారి సెలవు నుంచి కొత్త క్యాసెట్టు తెచ్చి, అందులో మొదటి పాట అమెరికాలో నంబర్ వన్ అని ఒకటే సంబరం. అన్న రెండుసార్లు విని, "ఏముంది సార్ దీంట్లో? ఇది మా చెక్కభజన నడకే గదా!" అని తేల్చేశాడు. తేల్చి ఊరుకున్నాడా? శుక్రవారం కడపోళ్లమంతా గదిలో కూడితే, ఆ బాణీకి రాముడి మాటలు కట్టి అందరి చేతా చెక్కలు పట్టించి ఎగిరించాడు. సార్ కూడా వచ్చి చూసి పడీపడీ నవ్వాడు.

ఆ వేసవిలోనే ఇరాక్ సైన్యం వచ్చిపడింది. అమెరికావాళ్లు కనబడితే పట్టుకుపోతున్నారు. మమ్మల్ని మాత్రం హిందీలని, అంటే ఇండియావాళ్లమని, వదిలేసేవారు. సార్‌ను ఎలాగైనా సులైబియాలో తెలిసిన కువైటీ తోటకు చేర్చాలి. "దేవుడుండాడులే అన్నా" అన్నాను. "ఉండాడులేమ్మే, నువ్వు ముందు ఆ ఉల్లిగడ్డల మూటలెత్తు" అని కసిరాడు. వ్యాన్ వెనుక మూటల కింద సార్ పడుకున్నాడు. నేను ముందు, అన్న పక్కన.

చెక్‌పోస్టులో ఇంజను ఆపమన్నారు. కాగితాలు చూసి పొమ్మన్నారు. అన్న తాళం తిప్పాడో లేదో టేపురికార్డరు మోగింది. క్యాసెట్టు తీయడం మరిచాడు మహానుభావుడు! అదే పాట, అదే గిటారు. సిపాయి తల లోపలికి పెట్టాడు. "అమెరికీ?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంగ్లీషు గొంతు లేవకముందే అన్న టేపు కట్టేసి, కాదు కాదని తల అడ్డంగా ఊపుతూ, "లా, లా! హిందీ! మా దేవుని పాట!" అంటూ స్టీరింగు తడుతూ తనే ఎత్తుకున్నాడు. "దారి చూపు రామన్నా, దూరమెంతో చెప్పన్నా..." నన్ను మోచేత్తో పొడిచాడు. "పాడుమ్మే, నోరు పడిపోయిందా?" నేనూ అందుకున్నాను. సిపాయి నవ్వి, "యల్లా, యల్లా" అని పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

దాటి చాలా దూరం వచ్చినా అన్న పాడుతూనే ఉన్నాడు. చొక్కా మొత్తం చెమట. "భయం కాలేదా అన్నా?"

"అయ్యింది. అయితే మాత్రం, పాట సగంలో ఆపితే సిగ్గు గాదా మనకు?"

కొన్ని నెలలకు సార్ క్షేమంగా ఇల్లు చేరాడు. ఆ రోజు మాత్రం తోటలో మూటలు తీసి చూస్తే, ఒళ్లంతా ఉల్లిపొట్టుతో, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. కుడిచేతి వేళ్లు మాత్రమే వ్యాన్ రేకు మీద అన్న పాటకు తాళం వేస్తూనే ఉన్నాయి.